వెలుగును చిత్రించిన మోనే

పూర్వకాలమున చిత్రకారులు రాజులను, దేవతలను, యుద్ధరంగములను, పురాణగాథలను చిత్రించి కీర్తి గడించిరి. పొలములో నిలిచిన ధాన్యపు కుప్పలను, ఏటి గట్టున పెరిగిన చెట్లను, కొలనులోని కలువలను మరల మరల చిత్రించి లోకప్రసిద్ధుడైన మహాశిల్పి క్లోడ్ మోనే. అతడు ఫ్రాన్సు దేశీయుడు. కలిగిన ఇంట పుట్టియు యౌవనమున పేదరికముతో పోరాడెను. నడివయస్సున కీర్తిని గాంచెను. వార్ధక్యమున చూపు మందగించినను కుంచెను విడువలేదు. కంటికి కనబడినదానిని కనబడినట్లు చిత్రింపవలెనను ఒక్క పట్టుదలయే అతని జీవితమును ఆద్యంతము నడపినది.

మోనే 1840వ సంవత్సరము నవంబరు 14వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. అతనికి అయిదేండ్లు వచ్చుసరికి కుటుంబము సముద్రతీరమునందలి హావ్రు అను రేవుపట్టణమునకు తరలిపోయెను. అచట తండ్రి తన బంధువుల టోకు వ్యాపారమున పనిచేయుచుండెను. బాలునకు బడి చెరసాలవలె తోచెడిది. ఎండ కాయుచున్నపుడు, సముద్రము నిలుకడగా నున్నపుడు నాలుగు గోడల నడుమ కూర్చుండుట వానికి సాధ్యము కాకుండెను. పాఠము వినవలసిన వేళ పుస్తకముల అంచులపై ఉపాధ్యాయుల ముఖములను వికృతముగా గీయుచు కాలము గడపెడివాడు. ఆ గీతలలో పోలికయు, హాస్యమును చక్కగా కుదిరెడివి. 15 ఏండ్ల ప్రాయమునకే అతడు పట్టణములోని పెద్దమనుష్యుల వ్యంగ్యచిత్రములను గీసి, ఒక్కొక్కటి పది ఇరువది ఫ్రాంకులకు అమ్మసాగెను. పటములకు చట్రములు కట్టు ఒకానొక అంగడి కిటికీలో ఆ చిత్రములు వ్రేలాడుచుండగా దారిన పోవువారు గుమిగూడి చూచి నవ్వుచుండెడివారు. ఆ నవ్వులు విని బాలుడు మురిసిపోయెడివాడు.

ఆ కిటికీలోనే మరియొక చిత్రకారుని పటములు కూడ ఉండెడివి. అతని పేరు యూజీన్ బూదాన్. అతడు ఒక నావికుని కుమారుడు. సముద్రపుటొడ్డున కూర్చుండి ఆకాశమును, మేఘములను, అలలను చిత్రించెడివాడు. మోనేకు ఆ పటములు మొదట రుచింపలేదు. బూదాన్ మాత్రము ఈ బాలుని చేతిలోని నేర్పును గుర్తించి, తనతో బయటకు వచ్చి ప్రకృతిని చూచి చిత్రింపుమని పలుమార్లు ప్రోత్సహించెను. మోనే చాలనాళ్లు తప్పించుకొని తిరిగి, ఒకనాడు మొగమాటమునకు వెంటబోయెను. పొలము గట్టున బూదాన్ రంగులు కలిపి పని ప్రారంభించెను. అతడు ముందు ఆకాశమును చూచును. పిమ్మట పటమును చూచును. మేఘము కదలి వెలుగు మారినంతనే చేయి త్వరపడును. ఆ పనిని చూచుచుండగా మోనే కన్నుల ముందరి తెర తొలగినట్లయ్యెను. ప్రకృతి అనునది నిలిచియుండు వస్తువు కాదనియు, అది ప్రతిక్షణము మారుచుండునదనియు అతనికి ఆనాడు తెలిసినది. బూదాన్ వలననే తాను చిత్రకారుడనైతినని మోనే జీవితాంతము కృతజ్ఞతతో స్మరించుచుండెను.

ఆ దినములలో చిత్రకారులు సాధారణముగా ఆరుబయట గీసుకొనిన చిన్న చిన్న నమూనాలను ఇంటికి తెచ్చుకొని, చిత్రశాలలో కూర్చుండి పెద్ద పటములను తయారుచేసెడివారు. తైలవర్ణములను నూరుకొనుట, వానిని పందిపొక్కలితో చేసిన సంచులలో భద్రపరచుట శ్రమతో కూడిన పని. 1841లో జాన్ రాండ్ అను అమెరికా చిత్రకారుడు రంగులు నింపుటకు తగరపు గొట్టమును కనిపెట్టెను. దానివలన ఎండిపోని రంగులను పెట్టెలో వేసికొని ఎంత దూరమైనను పోవుటకు వీలు కలిగెను. ఇంతలో రైలుమార్గములు పల్లెలను పట్టణములకు దగ్గర చేసెను. బూదాన్ చూపిన దారిలో నడచుటకు మోనే తరమువారికి ఈ రెండును తోడ్పడినవి.

1857లో మోనే తల్లి మరణించెను. చిత్రలేఖనమునందు అభిరుచి గల మేనత్త అతనిని చేరదీసి ఆదరించెను. రెండేండ్ల పిమ్మట అతడు చిత్రకళ నభ్యసించుటకై పారిస్ చేరెను. 1861లో అతనికి సైనికసేవ తప్పనిసరియై, ఆఫ్రికాలోని అల్జీరియాకు పోవలసి వచ్చెను. ఏడేండ్లు ఉండవలసినవాడు సన్నిపాతజ్వరముతో మరుసటి సంవత్సరమే తిరిగి వచ్చెను. మేనత్త సొమ్ము చెల్లించి అతనిని సైన్యమునుండి విడిపించి, ఒక గురువు వద్ద క్రమముగా నేర్చుకొనుమని షరతు పెట్టెను. ఆ ప్రకారము మోనే పారిస్‌లో గ్లేర్ అను చిత్రకారుని శాలలో చేరెను. అచట రెన్వార్, సిస్లే, బజీల్ అను యువకులు అతనికి మిత్రులైరి. పిస్సారో అనునతడు అంతకుముందే పరిచితుడు. ఈ మిత్రులందరు శాల విడిచి అడవులకును, నదీతీరములకును పోయి చిత్రించుటయందు ఆసక్తులైరి.

1866లో మోనే ఉద్యానవనమున విహరించు స్త్రీలను చిత్రింప సంకల్పించెను. ఆ పటము రెండున్నర మీటర్ల ఎత్తు గలది. అంత పెద్ద పటమును శాలలో వేయుటయే ఆచారము. అతడు మాత్రము దానిని ఆరంభమునుండి ఆరుబయటనే వేయ నిశ్చయించెను. పటము పైభాగము చేతికందకుండుటచే తోటలో ఒక కందకము త్రవ్వించి, కప్పీల సాయముతో పటమును అందులోనికి దింపుచు ఎత్తుచు పనిచేసెను. ఎండ లేనినాడు కుంచె ముట్టుకొనెడివాడు కాడు. ఇంత శ్రమపడి చిత్రించిన పటమును 1867లో ప్రభుత్వ ప్రదర్శనపు న్యాయనిర్ణేతలు నిరాకరించిరి. ఆ ప్రదర్శనమునకు సలాన్ అని పేరు. అందు చోటు దొరకని చిత్రకారుని పటములను కొనువారు ఆ దినములలో అరుదు. మిత్రుడు బజీల్ మాత్రము ఆ పటమును 2,500 ఫ్రాంకులకు కొని, నెలకు 50 ఫ్రాంకుల చొప్పున చెల్లించి అతనిని ఆదుకొనెను.

ఆ సంవత్సరమే మోనేకు జీన్ అను కుమారుడు కలిగెను. కామిల్ అను యువతితో అతని సంబంధము తండ్రికి సమ్మతము కాకపోవుటచే ఇంటినుండి వచ్చు ధనసహాయము నిలిచిపోయెను. కొన్ని దినములు ఇంటిలో రొట్టెయు, నిప్పును కూడ లేకుండెను. రంగులు కొనుటకు డబ్బు లేక పని ఆగిన దినములును కలవు. అప్పులవారికి చిక్కకుండుటకై పటములను విడిచి ఊరు మారవలసి వచ్చెడిది. 1870 జూన్‌లో అతడు కామిల్‌ను వివాహమాడెను. మరుసటి నెలలోనే ఫ్రాన్సునకును, ప్రష్యాకును యుద్ధము ప్రారంభమయ్యెను. మోనే భార్యాపుత్రులతో లండను చేరుకొనెను. బజీల్ సైన్యమున చేరి నవంబరులో యుద్ధరంగమున నేలకూలెను. అప్పటి కతనికి 28 ఏండ్లు. కష్టకాలమున చేయూత నిచ్చిన స్నేహితుని మోనే అట్లు కోల్పోయెను.

లండనులో మోనేకు ఒక మేలు కలిగెను. పాల్ ద్యురాన్ రుయెల్ అను పటముల వర్తకుడు అచట అతనికి పరిచయమయ్యెను. లోకము నవ్విన కాలమున గూడ ఈ వర్తకుడు మోనే పటములను కొని, తానును నష్టముల పాలై, అతనిని నిలబెట్టెను. శిల్పికి ప్రతిభ ఉన్న చాలదు. దానిని గుర్తించు హృదయము కూడ ఒకటి ఉండవలెను.

1871 చివర మోనే పారిస్ సమీపమున సేన్ నది ఒడ్డునగల అర్జంతయి గ్రామమున కాపురముండెను. ఒక పడవపై చిన్న గదిని కట్టించుకొని, దానిని తేలియాడు చిత్రశాలగా చేసికొని నీటి మధ్యనుండియే చిత్రములు వేసెను. 1873లో అతడు చిత్రించిన పొలముదృశ్యము ఒకటి మిక్కిలి పేరుగాంచినది. ఎర్రని గసగసాల పూలు నిండిన గట్టుమీదుగా గొడుగు పట్టుకొనిన స్త్రీయు, ఆమె ప్రక్కన బాలుడును దిగి వచ్చుచుందురు. కామిల్, జీన్‌లే ఆ తల్లీ బిడ్డలని చెప్పుదురు. దగ్గరగా చూచిన ఆ పూవులలో రేకులు కానరావు. ఎర్రని చుక్కలే కనబడును. నాలుగడుగులు వెనుకకు జరిగి చూచిన ఆ చుక్కలే గాలికి ఊగు పూలతోటగా మారును.

సలాన్ తలుపులు తమకు మూసుకొనియుండుటచే మోనేయు, అతని మిత్రులును తమ సొంత ప్రదర్శనము నేర్పాటు చేయ తలపెట్టిరి. 1874 ఏప్రిల్ 15వ తేదీన పారిస్‌లో నాదార్ అను ఛాయాచిత్రకారుని పూర్వపు శాలలో దానిని ప్రారంభించిరి. సుమారు ముప్పదిమంది చిత్రకారులు అందు పాల్గొనిరి. మోనే పటములలో ఒకటి హావ్రు రేవులో సూర్యోదయమును చూపునది. పొగమంచు నడుమ ఓడలు నీడలవలె నిలిచియుండగా, ఎర్రని సూర్యబింబము నీటిపై ప్రతిఫలించుచుండును. ఆ పటమునకు అతడు ఇంప్రెషన్ అని పేరు పెట్టెను. చూచిన తక్షణమున మనస్సుపై పడిన ముద్ర అని దాని భావము. లూయీ లెరువా అను విమర్శకుడు ఒక హాస్యపత్రికలో ఆ మాటనే పట్టుకొని, ఆ పటముకంటె గోడకంటించు కాగితమే పూర్తిగా తయారైనదను అర్థము వచ్చునట్లు ఎగతాళి చేసి, ఆ గుంపునకు ఇంప్రెషనిస్టులను పేరు తగిలించెను. పరిహాసమునకై పెట్టిన ఆ పేరునే చిత్రకారులు స్వీకరించిరి. నేడు ప్రపంచ చిత్రకళాచరిత్రలో అది గౌరవపదమై నిలిచియున్నది.

వారి పద్ధతిలో జనులకు నచ్చనిది ఏమి? అంతవరకు చిత్రకారులు వస్తువునకు నిలుకడైన రంగు ఒకటి కలదని భావించిరి. ఆకు పచ్చన, మన్ను గోధుమవన్నె, నీడ నలుపు. మోనే కన్ను అట్లు ఒప్పుకొనలేదు. ఉదయపుటెండలో ఆకు పసుపుగాను, సాయంకాలమున రాగివన్నెగాను కనబడును. మంచుపై పడిన నీడ నల్లగా నుండదు; నీలముగానో, ఊదాగానో ఉండును. కావున ఇంప్రెషనిస్టులు నీడలకు నలుపును వాడుట మానివేసిరి. రంగులను పళ్లెములో మెత్తగా కలుపుటకు మారుగా, వేరువేరు వన్నెలను చిన్న చిన్న కుంచెపోటులుగా ప్రక్కప్రక్కన పెట్టిరి. దూరమునుండి చూచువాని కంటిలో అవి కలిసి వెలుగుగా మెరయును. నున్నగా తుడిచినట్లుండు పటములకు అలవాటుపడిన కన్నులకు ఇది చేతకానివారి పనిగా తోచెను. తామెన్నడును పొలమును శ్రద్ధగా చూడలేదని ఒప్పుకొనుట మనుష్యులకు కష్టము. ఆ పటములను వెక్కిరించుట సులభము.

మోనేకు ఇంకను దుర్దినములు గడువలేదు. అతని పటములను ఆదరించిన హోషెడే అను ధనవంతుడు 1877లో దివాలా తీసెను. మరుసటి సంవత్సరము మోనేకు మిషెల్ అను రెండవ కుమారుడు కలిగెను. ఆ తరువాత మోనే కుటుంబమును, హోషెడే కుటుంబమును ఖర్చు తగ్గించుకొనుటకై వెతయి అను పల్లెలో ఒకే ఇంట కాపురముండిరి. హోషెడే భార్య ఆలీసు, ఆమె ఆరుగురు పిల్లలు, మోనే ఇద్దరు పిల్లలు అందరును ఆ చిన్న ఇంటనే ఉండిరి. కామిల్ అప్పటికే వ్యాధిగ్రస్తురాలు. ఆలీసు ఆమెకు పరిచర్యలు చేసెను. 1879 సెప్టెంబరు 5వ తేదీన కామిల్ 32 ఏండ్ల ప్రాయమున కన్నుమూసెను. మోనే ఆ మరణశయ్య ప్రక్కన కూర్చుండియుండగా, ఎంతయో ప్రియమైన ఆ ముఖముపై మృత్యువు తెచ్చుచున్న నీలి, పసుపు, బూడిదవన్నెల మార్పులను తన కన్ను తనకు తెలియకుండగనే పరికించుచుండుటను గ్రహించి దిగ్భ్రాంతుడయ్యెను. అతడు ఆమె తుదిరూపమును చిత్రించెను. కుంచెలో దుఃఖమును, చూపును వేరుచేయరాని చిత్రమది. ఆ పటమును అతడు చాలకాలము తనవద్దనే ఉంచుకొనెను.

ఆ యేటి శీతకాలమున చలి విపరీతమై సేన్ నది గడ్డకట్టెను. 1880 జనవరిలో ఆ మంచు పగిలి పెద్ద పెద్ద పలకలుగా ప్రవాహమున కొట్టుకొనిపోయెను. మోనే గడ్డకట్టు చలిలో నదియొడ్డున నిలిచి ఆ దృశ్యమును పలుపటములలో చిత్రించెను. దుఃఖమునుండి అతనిని తేర్చినది పనియే.

1883 ఏప్రిల్‌లో మోనే కుటుంబముతో నార్మండీ ప్రాంతమునందలి జివెర్నీ గ్రామమునకు చేరెను. ఎప్ట్ అను ఏరు సేన్ నదిలో కలియు చోటికి చేరువలోనున్న వ్యవసాయగ్రామమది. అద్దెకు తీసికొనిన ఇంటినే 1890లో 22,000 ఫ్రాంకులకు కొనెను. శేషించిన జీవితమంతయు, అనగా 43 సంవత్సరములు, అతడు అచటనే గడపెను. ద్యురాన్ రుయెల్ 1886లో న్యూయార్కు నగరమున ఏర్పరచిన ప్రదర్శనమువలన అమెరికావారు ఈ పటములను కొనసాగిరి. నాటినుండి పేదరికము క్రమముగా తొలగినది.

మోనే ఇంటికి చేరువనే పొరుగు రైతు పొలము కలదు. కోతలైన పిమ్మట అందు గోధుమ కుప్పలు వేయుదురు. ఇంగ్లీషులో ఈ పటములకు గడ్డివాములను అర్థము గల పేరు వాడుకలోనికి వచ్చినది. కాని అవి గడ్డివాములు కావు. గింజ రాలని పనలతో వేసిన కుప్పలు. ఈ భేదము తెలుగు రైతుబిడ్డలకు వేరుగా చెప్పనక్కరలేదు. విజయనగరము జిల్లాలో, సముద్రమునకు చేరువనున్న భోగాపురమువంటి గ్రామములలో వరికోతలైన పిదప పనలను కుప్పలుగా వేయుటయు, వీలు చూచుకొని కళ్లములో నూర్చుటయు, గింజ రాలిన తరువాతనే గడ్డిని వామి వేయుటయు పెద్దలు ఎరిగిన పద్ధతి. వామి పశువుల మేత. కుప్ప ఇంటిల్లిపాదికి సంవత్సరపు గ్రాసము. తుపాను మబ్బు పట్టిన రాత్రి రైతునకు నిద్ర పట్టకుండుటకు కుప్పయే కారణము. నార్మండీలోను అట్లే. నూర్పుయంత్రములు కొన్నియే యుండి ఊరూరు తిరుగుచుండుటచే, శ్రావణమున కోసిన పంట ఒక్కొక్కప్పుడు ఫాల్గునము వరకు కుప్పలోనే నిలిచియుండెడిది. వానకు తడియకుండ పైన శంఖాకారముగా గడ్డి కప్పెడివారు. ఇంటివలె గోడయు, కప్పును కలిగి, 15, 20 అడుగుల ఎత్తున నిలిచిన ఆ కుప్పలు గ్రామస్థుల కలిమికి గురుతులు.

1890 వేసవి చివర మోనే ఆ కుప్పలను చిత్రింప నారంభించెను. మబ్బు పట్టిన దినమునకు ఒక పటము, ఎండ కాయు దినమునకు ఒక పటము చాలునని మొదట తలచినట్లు చెప్పుదురు. పని సాగుచుండగా వెలుగు మారెను. మారిన వెలుగును పాత పటముమీద వేసిన పని అబద్ధమగును. అందుచే ఇంటినుండి మరియొక పటమును తెమ్మని ఆలీసు కుమార్తె బ్లాంచిని కోరెను. కొంతసేపటికి వెలుగు మరల మారెను. మరియొక పటము కావలసి వచ్చెను. ఆమె ఒంటిచక్రపు బండిలో పటములను వేసికొని పొలమునకు తిరుగుచుండెను. మోనే ఒక్కొక్క వెలుగునకు ఒక్కొక్క పటమును కేటాయించి, ఆ వెలుగు ఉన్నంతసేపే దానిపై పనిచేసి, అది మారినంతనే దానిని ప్రక్కన పెట్టి వేరొకదానిని అందుకొనెడివాడు. మరునాడు అదే వేళకు, అదే వెలుగునకు మొదటి పటమును మరల చేపట్టెడివాడు. శరత్తు గడచి మంచు కురిసినను అతడు పొలము విడువలేదు. అట్లు సుమారు 25 పటములు తయారైనవి. తుదిమెరుగులు మాత్రము ఇంటిలో దిద్దెను.

ఆ పటములలో వస్తువులు మిక్కిలి కొద్ది. ముందు ఒకటో రెండో కుప్పలు, వాని వెనుక చెట్ల వరుస, రైతుల ఇండ్ల కప్పులు, దూరమున కొండలు, పైన సన్నని ఆకాశపు పట్టె. మనుష్యులు లేరు, పశువులు లేరు. అయినను ఏ రెండు పటములును ఒక్కటి కావు. ఒకదానిలో వేసవి సాయంకాలపు ఎండకు కుప్ప అంచు నిప్పువలె మండుచుండును. మరియొకదానిలో తెల్లని మంచుపై దాని నీలినీడ దీర్ఘముగా సాగియుండును. ఇంకొకదానిలో పొగమంచు కమ్మి కుప్ప కరగిపోవుచున్నట్లు తోచును. కుప్ప కదలలేదు, కాలము కదలినది. ఋతువులను, గడియలను కంటికి చూపుటకు ఆ రైతు కుప్ప అతనికి సాధనమైనది.

1891 మే నెలలో ద్యురాన్ రుయెల్ శాలలో ఈ కుప్పల పటములు 15 ఒక్కచోట ప్రదర్శింపబడినవి. కొలది దినములలోనే అవి అన్నియు అమ్ముడుపోయెను. సుమారు పదునేడు సంవత్సరములకు పూర్వము మోనేను చూచి నవ్విన పారిస్ నగరమే ఇప్పుడు అతని కుప్పలముందు నిశ్శబ్దముగా నిలిచెను. 1896లో వీనిలో ఒకటి రష్యాలోని మాస్కో నగరమున ప్రదర్శింపబడినది. కాండిన్‌స్కీ అను న్యాయశాస్త్రవేత్త దానిని చూచి, అది కుప్ప అని మొదట గుర్తింపలేక, పేర్లపట్టికను చూచి తెలిసికొనెను. వస్తువు తెలియకున్నను రంగులు తన హృదయము నంతగా కదలించుట కతడు ఆశ్చర్యపడెను. అనతికాలములోనే అతడు న్యాయశాస్త్రమును విడిచి చిత్రకళ నభ్యసించి, ఇరువదవ శతాబ్దపు నవ్యచిత్రకళకు మార్గదర్శకులలో నొకడయ్యెను.

కుప్పల తరువాత మోనే ఎప్ట్ ఏటిగట్టునగల పోప్లారు చెట్ల వరుసను చిత్రింప బూనుకొనెను. అంతలో గ్రామమువారు ఆ చెట్లను కలపకై వేలము వేయ నిశ్చయించిరి. మోనే కలప వర్తకునితో ఒడంబడిక చేసికొని, తన పని ముగియువరకు చెట్లను కొట్టకుండుటకై సొమ్ము చెల్లించెను. పటములు పూర్తియైన పిమ్మటనే ఆ చెట్లు నేలకొరిగినవి. నేడు ఆ వరుస లేదు. పటములలో మాత్రము దాని ఆకులు ఇంకను గాలికి కదలుచున్నవి.

1892లో అతడు ఆలీసును వివాహమాడెను. హోషెడే అంతకు పూర్వమే మరణించియుండెను. మరుసటి సంవత్సరము ఇంటిముందరి నేలను కొని, ఏటి నీరు పారునట్లు ఒక కొలను త్రవ్వింప తలపెట్టెను. గ్రామస్థులు దీనికి అడ్డు చెప్పిరి. అతడు నాటబోవు పరదేశపు మొక్కలవలన నీరు చెడిపోయి, దిగువను బట్టలుతుకుకొనువారికిని, పశువులకును కీడు కలుగునని వారి భయము. ఏరు అందరిది, రైతులు కలవరపడుటలో వింత లేదు. మోనే అధికారులకు విన్నపములు పంపుకొని అనుమతి సంపాదించెను. కలువలు నాటి, వంగిన చెక్కవంతెన కట్టించెను. ఆ కొలనే అతని కడపటి ముప్పది సంవత్సరముల పనికి ప్రధానవిషయమయ్యెను.

వార్ధక్యము అతనికి శోకమునే తెచ్చెను. 1911లో ఆలీసు మరణించెను. 1912లో అతని కన్నులలో శుక్లములు ఏర్పడినట్లు వైద్యులు చెప్పిరి. 1914లో పెద్దకుమారుడు జీన్ గతించెను. ఆ సంవత్సరమే మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. రెండవ కుమారుడు మిషెల్ యుద్ధమునకు పోయెను. జివెర్నీ విడిచి పోయినవారు పోయినను మోనే కదలలేదు. భర్తను కోల్పోయిన కోడలు బ్లాంచి, ఒకనాడు పొలమునకు పటములను మోసిన యువతియే, ఇప్పుడు వృద్ధునకు తోడై నిలిచెను. ఫ్రాన్సు ప్రధానియైన క్లెమాన్సో అతనికి చిరకాల మిత్రుడు. యుద్ధము ముగిసిన మరునాడు, 1918 నవంబరు 12వ తేదీన, మోనే తన కలువల పటములలో రెండింటిని జాతికి కానుకగా నిచ్చెదనని అతనికి వ్రాసెను. ఆ కానుకయే క్రమముగా పెరిగి గోడలను చుట్టివచ్చు మహాచిత్రములయ్యెను.

కాని శుక్లములవలన రంగులు మారి కనబడుచుండెను. నీలము మాసిపోయెను, అన్నియు ఎర్రగా, మట్టివన్నెగా తోచెను. వెలుగునే నమ్మి బ్రతికినవానికి ఇంతకు మించిన శిక్ష లేదు. అతడు రంగుల గొట్టములపై పేర్లు చదివి, పళ్లెములో వానిని ఒకే వరుసలో పెట్టుకొని, జ్ఞాపకముతో పనిచేసెను. తృప్తి నీయని పటములను చించివేసెను. 1923లో కుడికంటికి శస్త్రచికిత్స జరిగెను. క్రొత్త కంటియద్దములతో రంగులను మరల ఓపికగా పోల్చుకొని, తాను చెడిపోయినవనుకొనిన పటములను దిద్ద మొదలిడెను.

1926 డిసెంబరు 5వ తేదీన, 86 ఏండ్ల వయస్సున, మోనే జివెర్నీలో పరమపదించెను. గ్రామపు దేవాలయ ప్రాంగణమున అతనిని సమాధి చేసిరి. శవపేటికపై కప్పిన నల్లని వస్త్రమును క్లెమాన్సో తొలగించి, మోనేకు నలుపు తగదని పూలవన్నెల వస్త్రమును కప్పించెనని చెప్పుదురు. 1927 మే నెలలో కలువల మహాచిత్రములు పారిస్‌లోని ఓరాంజరీ మందిరమున ప్రజల దర్శనార్థము ఉంచబడినవి. 2019లో కుప్పల పటములలో నొకటి న్యూయార్కు వేలములో 11 కోట్ల డాలర్లకు పైగా ధర పలికెను. రొట్టెకు డబ్బులేక బాధపడిన చిత్రకారుని పటమునకు అంత వెల వచ్చుట విధివిలాసము.

వెలను బట్టి ఆ పటముల విలువను కొలువరాదు. జివెర్నీ రైతులు ప్రతిసంవత్సరము ఆ కుప్పలను వేసిరి, నూర్చిరి, మరచిరి. వాని ప్రక్కనుండి వేలమంది నడచిపోయిరి. ఒక్కడు మాత్రము చలికి కొంకరలు పోవు చేతులతో నిలిచి, తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు వానిని చూచెను. ఏ ఊరి పొలములోనైనను ఆ సంపద ఉన్నది. దానికి వెల లేదు, కాపలా లేదు. నిలిచి చూచుటకు ఓపిక ఒక్కటియే కావలెను.